హేజెల్‌నట్ కాఫీలో హేజెల్‌నట్ ఎక్కడుంది?

మా పిన్ని కూతురు న్యూజెర్సీ నుంచి వస్తూ అమ్మ కోసం ఒక కాఫీ పొడి ప్యాకెట్ తెచ్చింది. దాని మీద హేజెల్‌నట్ అని రాసి ఉంది. అది మన బాదంలాంటి ఒక విదేశీ గింజ. మూతి కత్తిరించగానే నేతిలో వేయించిన బాదంపప్పును గుర్తుచేసే తియ్యటి వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసింది. అమ్మ రోజూ చేసినట్టే ఫిల్టర్లో మూడు చెంచాలు వేసి, మరిగిన నీళ్లు పోసి, డికాక్షన్ దిగాక చిక్కటి పాలు కలిపింది. షుగరుంది కాబట్టి చక్కెర వేసుకోదు. ఒక గుక్క తాగి, "వాసనంతా బానే ఉంది, రుచేదే?" అంది. మర్నాడు పొద్దున మామూలు పొడి వేసి కాఫీ కలిపినా అదే వాసన. ఫిల్టరును రెండుసార్లు తోమినా వారం రోజుల దాకా వదల్లేదు.

అమ్మ అడిగిన ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఫ్లేవర్డ్ కాఫీ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఇంగ్లీషువాళ్లు ఫ్లేవర్ అన్న ఒక్క మాటలో రుచినీ వాసననీ కలిపి చెప్పేస్తారు. తెలుగులో రుచి వేరు, వాసన వేరు. ఆ ప్యాకెట్ అమ్మిన వాళ్లు పొడికి కలిపింది వాసన మాత్రమే. అమ్మ నాలుక ఆ సంగతి మొదటి గుక్కలోనే కనిపెట్టింది.

ముక్కు చేసే పని

నాలుక పసిగట్టగలిగినవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీటికి తోడు మాంసం, పుట్టగొడుగుల్లో ఉండే ఉమామి. మన షడ్రుచుల్లో ఉన్న కారం, వగరు నిజానికి వేరే దారిలో తెలుస్తాయి. కారాన్ని చెప్పేది మంటను తెలిపే నరాలు. వగరు నోట్లో తడి ఆరిపోయినట్టనిపించే స్పర్శ. కాఫీ విషయానికొస్తే నాలుకకు అందేది ముఖ్యంగా చేదు, కొంచెం పులుపు. అంతే. మనం కాఫీ రుచి అని మురిసిపోయేదంతా గుక్క మింగేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే ఆవిరి పనే. గట్టిగా జలుబు చేసినరోజు కాఫీ తాగితే వేడి చేదు నీళ్లలా ఉండేది అందుకే. ఇప్పుడే ముక్కు మూసుకుని ఒక గుక్క తాగి, తర్వాత ముక్కు వదిలి చూడండి. వదిలిన క్షణంలోనే కాఫీ "వస్తుంది".

వేయించిన కాఫీ గింజలో అలా గాలిలోకి లేచే పదార్థాలను 800కు పైగా గుర్తించారు. పచ్చి గింజకు ఈ వాసన ఉండదు. దాన్ని నమిలితే పచ్చి శనగ నమిలినట్టుంటుంది. వేయించేటప్పుడు 200 డిగ్రీల వేడి దగ్గర గింజలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి కలిసి, రొట్టె కాలినప్పుడూ వేరుశనగ వేగినప్పుడూ పుట్టేలాంటి పదార్థాలను పుట్టిస్తాయి. గింజలు వేగినప్పుడు కమ్మటి వాసననిచ్చే పైరజీన్లు, కాలిన చక్కెర వాసననిచ్చే ఫ్యూరనాల్, వెన్న వాసననిచ్చే డైఎసిటైల్, కొద్దిపాటి వెనిలిన్ కూడా ఆ వేడిలోనే తయారవుతాయి. కాఫీకే ప్రత్యేకమైన ఆ వేపుడు వాసనకు గంధకం ఉన్న ఫర్‌ఫ్యూరిల్ థయోల్ అనే పదార్థం ముఖ్యం.

ఫ్లేవర్డ్ కాఫీల్లో హేజెల్‌నట్, వెనిలా, కారమెల్, చాక్లెట్ ఇన్నేళ్లుగా ఎందుకు నిలబడ్డాయో ఇక్కడ అర్థమవుతుంది. ఇవేవీ కాఫీకి పరాయివి కావు. వేగిన గింజలో అప్పటికే సన్నగా వినిపిస్తున్న గొంతును ఇవి పెంచుతాయి. మామిడి, ద్రాక్ష వాసనలు కాఫీ మీద అతికించినట్టు తేలిపోతాయి. నిమ్మరసమైతే పాలు పోయగానే విరుగుతుంది, ఆ కథ అక్కడితో సరి.

ఇక తీపి. వెనిలా వాసన తగిలితే చక్కెర లేని పానీయం కూడా కాస్త తియ్యగా ఉన్నట్టు చాలామందికి అనిపిస్తుందని పరిశోధకులు పదేపదే గమనించారు. వెనిలాలో తీపి లేదు. పుట్టినప్పటి నుంచి ఐస్‌క్రీములో, కేకులో, బిస్కెట్లో ఆ వాసన చక్కెరతో కలిసే వచ్చింది కాబట్టి మెదడు రెండిటినీ ముడి వేసుకుంది. హేజెల్‌నట్‌ను చాక్లెట్‌తో కలిపి తింటూ పెరిగిన అమెరికా పిల్లకు ఆ కాఫీ తియ్యగా తోచడంలో ఆశ్చర్యం లేదు. మా అమ్మ జీవితంలో హేజెల్‌నట్ లేదు. అందుకే ఆమెకు వాసన వచ్చింది, తీపి రాలేదు. అదే యాలక్కాయ వాసనైతే? పాయసం, బొబ్బట్లు, రవ్వలడ్డు, పండగపూట ఇల్లంతా. మనకు యాలకులు చేసే పని వాళ్లకు వెనిలా చేస్తుందని నా అభిప్రాయం. తర్వాత ఇంట్లో ప్రయత్నిస్తే అలాగే జరిగింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఒకే పేరు, మూడు వేరు వేరు సంగతులు

ఫ్లేవర్ అన్న మాట కాఫీ ప్యాకెట్ల మీద మూడు అర్థాల్లో కనిపిస్తుంది. గందరగోళమంతా అక్కడే పుడుతోంది.

మొదటిది, గింజలో సహజంగా ఉన్నది. మంచి కాఫీ అమ్మేవాళ్లు ప్యాకెట్ మీద "నారింజ తొక్క, తేనె, కోకో" అని రాస్తారు. అవేవీ లోపల కలపలేదు. ఆ కాఫీ తాగినప్పుడు రుచి చూసేవాళ్లకు గుర్తొచ్చిన పోలికలవి. బంగినపల్లి మామిడిలో తేనె ఉందని మనం అంటే ఎవరూ తేనె కలిపారని అనుకోరు కదా, అలాంటిదే. నేల ఎత్తు, మొక్క రకం, పండును గుజ్జుతోనే ఎండబెట్టారా, కడిగి ఎండబెట్టారా, ఎంతసేపు వేయించారు అన్నవాటిని బట్టి ఈ పోలికలు మారతాయి.

ఇక్కడ అరకు గురించి ఒక మాట చెప్పాలి. అరకులోయ అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి తోటల్లో కాఫీ మొక్కలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు పాకిస్తారు. గిరిజన రైతులకు అది రెండో పంట, రెండో ఆదాయం. అయితే ఆ మిరియాల వల్లే కాఫీకి మిరియపు ఘాటు వస్తుందని చాలామంది నమ్మకంగా చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ అలా జరిగే దారి లేదు. మిరియం వాసన మిరియం గింజలో ఉంటుంది, దంచితే బయటికొస్తుంది. చెట్టు మీదున్న కాఫీ గింజ తొక్క, గుజ్జు, జిగురు, ఆ లోపల గట్టి పొర, ఇన్నిటి మధ్య ఉంటుంది. పక్కనున్న తీగ వాసన అక్కడికి చేరదు. కాఫీ కోసి, ఎండబెట్టి, పొర ఒలిచిన తర్వాత మాత్రం లెక్క మారుతుంది. ఒలిచిన పచ్చి గింజ చుట్టుపక్కల వాసనను దూదిలా పీల్చేస్తుంది. గోదాములో మిరియాల బస్తాల పక్కన, కిరోసిన్ డబ్బాల పక్కన పెడితే పాడైపోతుంది. ఈ స్వభావాన్నే ఇప్పుడు కొందరు విద్యగా మార్చారు. విస్కీ నిల్వచేసిన ఓక్ పీపాల్లో పచ్చి గింజలు కొన్ని వారాలు ఉంచి, తర్వాత వేయిస్తున్నారు. పండ్లతో కలిపి పులియబెట్టే పద్ధతి కూడా వచ్చింది. అది సహజమా, కలిపినదా అన్న గొడవ కాఫీ పోటీల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

రెండోది, కాచేటప్పుడు సుగంధ ద్రవ్యం వేయడం. ఇది కాఫీ అంత పాతది.

మూడోది, వేయించిన గింజ మీద తయారైన వాసన ద్రవాన్ని పట్టించడం, లేదా కప్పులో సిరప్ పోయడం. అమ్మకు వచ్చిన ప్యాకెట్ ఈ రకం. దీని వయసు యాభై ఏళ్లకు కాస్త అటూ ఇటూ.

ఉత్త కాఫీ ఎవరు తాగారు?

ఫ్లేవర్డ్ కాఫీ అంటే మొహం చిట్లించేవాళ్లు, అసలు కాఫీ అంటే కాఫీ మాత్రమేనని, మిగతాదంతా అమెరికావాళ్లు తెచ్చిన కల్తీ అని అంటారు. వాళ్ల ఇష్టం వాళ్లది, కానీ చరిత్ర వాళ్ల వైపు లేదు.

కాఫీ మొక్క పుట్టిల్లు ఇథియోపియా. అక్కడి పల్లెల్లో ఇప్పటికీ కాఫీలో ఉప్పు వేసుకునేవాళ్లు, వెన్న వేసుకునేవాళ్లు ఉన్నారు. ఘాటైన సదాప ఆకు రెమ్మ ముంచి ఇస్తారు. ఉప్పు వేయడం వింతగా తోచవచ్చు గానీ చిటికెడు ఉప్పు చేదును అణుస్తుంది. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసే మనకు ఆ సంగతి కొత్త కాదు. ఎర్ర సముద్రం దాటి యెమెన్‌కు వెళితే, 15వ శతాబ్దంలో రాత్రంతా జపం చేసే సూఫీలు మెలకువ కోసం కాఫీ తాగారు. అక్కడి ఇళ్లలో ఎక్కువగా కాచుకునేది కిష్ర్. అది గింజతో చేసేది కాదు, ఎండిన కాఫీ పండు తొక్కను అల్లంతో, ఒక్కోసారి దాల్చినచెక్కతో మరిగిస్తారు. గింజకు ఎగుమతిలో ధర పలికేది, తొక్క ఇంటికి మిగిలేది. కాఫీ పండించే చోట కాఫీ తాగే మనిషికి ఏది మిగులుతుందన్నది అప్పటి నుంచీ ఉన్న కథే.

అరేబియాలో గావా అనే కాఫీది ఇంకో తీరు. గింజను లేతగా, బంగారు రంగు దాటకుండా వేయిస్తారు. దంచిన యాలకులు ధారాళంగా వేస్తారు, కొన్నిచోట్ల కుంకుమపువ్వు, లవంగం కూడా. పొడవాటి ముక్కున్న దల్లా అనే కూజాలోంచి చెవిలేని చిన్న కప్పుల్లోకి కొంచెం కొంచెంగా పోస్తారు. చక్కెర ఉండదు, పక్కన ఖర్జూరం ఉంటుంది. 2015లో యునెస్కో ఈ మర్యాదను సౌదీ అరేబియా, యుఏఈ, ఒమన్, ఖతార్ దేశాల ఉమ్మడి వారసత్వంగా నమోదు చేసింది. జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి గల్ఫ్ వెళ్లి పనిచేసి వచ్చిన మనవాళ్లకు ఈ రుచి బాగా తెలుసు. హైదరాబాదులో బార్కస్ పేట సంగతి మరీ దగ్గరది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ తరతరాలుగా ఉంటున్నారు.

సెనెగల్‌లో కాఫే తూబా అని ఒకటుంది. తూబా పట్నం మురీద్ సూఫీ శాఖకు పుణ్యక్షేత్రం. ఆ శాఖను స్థాపించిన అమదూ బాంబాను ఫ్రెంచివాళ్లు 1895లో గాబన్‌కు ప్రవాసం పంపారు, 1902లో ఆయన తిరిగొచ్చారు. జార్ అనే మిరియం లాంటి ఆఫ్రికా గింజను కాఫీతో కలిపి వేయించి దంచే ఈ పద్ధతిని అక్కడివాళ్లు ఆయన పేరుతోనే తలచుకుంటారు. అటు మెక్సికోలో మట్టికుండలో దాల్చినచెక్క, పిలోన్సియో వేసి కాఫీ కాస్తారు. పిలోన్సియో అంటే అచ్చం మన బెల్లం అచ్చే.

మరి మనం? ఫిల్టర్ కాఫీని మనం నిఖార్సైన కాఫీ అనుకుంటాం. పొడి కొట్టుకు వెళ్లి పీబరీ, ప్లాంటేషన్ అని గింజ రకాలు చెప్పి, చివర్లో "ఎనభై ఇరవై" అంటాం. ఆ ఇరవై చికోరీ. అది కాఫీ కాదు, ఒక దుంప వేరు. వేయిస్తే దానిలోని ఇనులిన్ అనే పిండిపదార్థం పాకం పట్టినట్టయి, తియ్యటి కమ్మటి చేదు వస్తుంది. అందులో కెఫీన్ ఉండదు. నీళ్లలో కాఫీకన్నా ఎక్కువగా కరుగుతుంది కాబట్టి డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగుతుంది, పాలు ఎన్ని పోసినా రంగు విరగదు. దీన్ని కాఫీకి జతచేసింది కొరత. 1806లో నెపోలియన్ ఇంగ్లండు సరుకును యూరపుకు రానివ్వకుండా దారులు మూసినప్పుడు ఫ్రాన్సులో కాఫీ దొరక్క చికోరీ ఇంటింటికీ పాకింది. ఫ్రెంచివాళ్ల అలవాటు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఇప్పటికీ నిలిచే ఉంది. 1876లో స్కాట్లండులో మొదలైన క్యాంప్ కాఫీ అనే సీసా ద్రవంలో కాఫీ, చికోరీ, చక్కెర ఉండేవి. దాని చీటీ మీద గుడారం ముందు కూర్చున్న దొర పక్కన సిక్కు సేవకుడు ఉండేవాడు. ఇప్పుడు మన చికోరీ గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండుతోంది. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంతెంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి. అంటే నూటికి 49 పాళ్లు వేరు పొడి ఉన్నా అది చట్టప్రకారం సరైన సరుకే.

చికోరీని నేను తప్పుపట్టడం లేదు. మా ఇంట్లో అది లేని రోజు కాఫీ నీళ్లలా ఉందంటారు. కొరతలో ప్రత్యామ్నాయంగా వచ్చినది, తర్వాత అదే రుచిగా స్థిరపడిపోయింది. దాన్ని ఆప్యాయంగా తాగే మనం, ఇంకొకరు వెనిలా కలుపుకుంటే అసలు కాఫీ కాదనడం న్యాయం కాదంటున్నాను.

అమెరికా కొట్లలో ఏం జరిగింది

మూడో రకం, అంటే గింజకే వాసన పట్టించడం, అమెరికాలో 1970లలో మొదలై 1980లలో ఊపందుకుంది. దీని వెనక ఒక దిగులుంది. 1962లో అమెరికాలో పెద్దవాళ్లలో నూటికి 75 మంది దాకా రోజూ కాఫీ తాగేవారు. 1980ల చివరికి వాళ్లు నూటికి 50 మందికి పడిపోయారు. కుర్రకారు చల్లటి, తియ్యటి కోలాల వైపు వెళ్లారు. పైగా 1975 జులైలో బ్రెజిల్ తోటల మీద మంచు పడి కోట్ల మొక్కలు మాడిపోయాయి. తర్వాతి రెండేళ్లు ధరలు మండిపోయాయి. పెద్ద కంపెనీలు చవక రకమైన రోబస్టా గింజను ఎక్కువ కలిపి డబ్బాలు నింపుతుంటే, తాగేవాళ్లకు కాఫీ అంటే ఉత్త చేదు అన్న అభిప్రాయం బలపడింది.

అప్పుడే చిన్న చిన్న కొట్లు గింజలను గాజు జాడీల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. కాఫీ చేదని దూరం జరిగిన మనిషిని లోపలికి రప్పించేది వాసనే. ఫ్రెంచ్ వెనిలా, ఐరిష్ క్రీమ్, హేజెల్‌నట్ అలా వచ్చాయి. ఐరిష్ క్రీమ్ అన్న పేరు చూసి మద్యం ఉందేమోనని మానేసేవాళ్లను చూశాను. గింజకు పట్టించినదాంట్లో మద్యం ఉండదు, ఆ పేరున్న లిక్కరు వాసన మాత్రమే ఉంటుంది. సిరప్ దారి వేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇటలీ నుంచి వచ్చిన తోర్రె దంపతులు 1925లో తొరాని సిరప్‌లు మొదలుపెట్టారు. అవి సోడాలో కలుపుకోవడానికి. 1980లలో అవి పాల కాఫీలోకి మళ్లాయి, ఆ తర్వాత కాఫీ బార్లలో సీసాల వరస లేని గోడ లేకుండా పోయింది.

2003లో స్టార్‌బక్స్ తెచ్చిన పంప్‌కిన్ స్పైస్ లాటే ఈ కథలో నాకు నచ్చే ఘట్టం. పేరులో గుమ్మడి ఉన్నా 2015 దాకా అందులో గుమ్మడి లేదు. ఉన్నది గుమ్మడి పై అనే వాళ్ల పిండివంటలో వేసే దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, అల్లం వాసన. మన మలబారు రేవుల నుంచి, ఇండోనేషియా దీవుల నుంచి అరబ్బు ఓడల్లో వెళ్లిన ద్రవ్యాలే ఇవి. యెమెన్‌లో కిష్ర్ గిన్నెలోకి, గావా కప్పులోకి వెళ్లినవి చుట్టూ తిరిగి స్టార్‌బక్స్ పుట్టిన సియాటిల్‌లో కాగితపు కప్పులోకి చేరాయి.

ఫ్యాక్టరీలో

మొదట గింజను మధ్యస్థంగా వేయిస్తారు. లేతగా వేగితే పులుపు అడ్డొస్తుంది. మరీ నల్లగా వేగితే మాడు చేదు పట్టించిన వాసనను మింగేస్తుంది. వేడిగా ఉన్నప్పుడు పోస్తే వాసన ఎగిరిపోతుంది కాబట్టి గింజను చల్లార్చి, తిరిగే డ్రమ్ములో వేసి, ద్రవాన్ని కొద్దికొద్దిగా చల్లుతూ తిప్పుతారు. సాధారణంగా 100 కిలోల గింజలకు 2 నుంచి 3 కిలోల ద్రవం. అందులోనూ ఎక్కువ భాగం వాసనను మోసుకెళ్లే ప్రొపైలీన్ గ్లైకాల్ లాంటి పదార్థమే. ప్యాకెట్ విప్పితే గింజలు నూనె రాసినట్టు మెరిసేది దానివల్లే.

మరి హేజెల్‌నట్? చాలా ప్యాకెట్లలో ఉండదు. ఆ కాయకు ఆ వాసననిచ్చే ముఖ్యమైన పదార్థం ఫిల్బర్టోన్. దాన్ని ప్రయోగశాలలో తయారు చేస్తారు, అతి స్వల్పంగా వేసినా చాలు. వెనిలా కథ మరీ పాతది. 1841లో రీయూనియన్ దీవిలో ఎద్మాన్ అల్బియుస్ అనే 12 ఏళ్ల బానిస బాలుడు వెనిలా పువ్వును చేత్తో పరాగసంపర్కం చేసే తేలిక పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ్టికీ తోటల్లో ప్రతి పువ్వునూ అలాగే చేత్తో కలుపుతారు. అందుకే వెనిలా కాయలకు అంత ధర. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ కలిసి దేవదారు జాతి చెట్ల రసంలోని పదార్థం నుంచి వెనిలిన్ తయారు చేసి చూపించారు. అప్పటి నుంచి ప్రపంచం వాడే వెనిలా వాసనలో అధికభాగం కాయ నుంచి వచ్చింది కాదు. అణువు ఒకటే, ముక్కు తేడా పట్టలేదు. అయితే నిజం కాయలో వెనిలిన్‌తో పాటు వందలకొద్దీ వేరే పదార్థాలు ఉంటాయి, ఆ నిండుదనం విడి వెనిలిన్‌కు రాదు.

ఈ వాసనలు తాగేవాళ్లకు ప్రమాదమా అని అందరూ అడుగుతారు. కప్పులోకి వచ్చే పరిమాణం చాలా తక్కువ. నన్ను కలవరపెట్టేది వేరు. వెన్న వాసననిచ్చే డైఎసిటైల్‌ను ఆహారంలో తినడం వేరు, దాని ఆవిరిని రోజూ ఎనిమిది గంటలు పీల్చడం వేరు. 2000 ప్రాంతంలో మిస్సోరిలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులకు ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోయే జబ్బు బయటపడింది. తగ్గే జబ్బు కాదది. ఆ తర్వాత టెక్సస్‌లో కాఫీకి వాసనలు పట్టించే ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన ఇద్దరికి అదే జబ్బు ఉందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2013లో ప్రకటించింది. ఇద్దరూ పని చేసింది వాసన కలిపే గదిలోనే. డైఎసిటైల్ కాఫీ వేగినప్పుడు సహజంగా కూడా పుడుతుంది, గింజ మర పట్టినప్పుడు గాలిలోకి వస్తుంది. అంటే గాలి ఆడని గదిలో పొద్దస్తమానం కాఫీ మర పట్టే మనిషికీ జాగ్రత్త అవసరమే. మన ఊళ్లలో పొడి కొట్టు ముందు నుంచి వెళుతూ ఆ వాసనకు ఆగిపోతాం. లోపల మర దగ్గర నిలబడినవాళ్లకు ఒక ఫ్యాను, గాలి బయటికి లాగే ఏర్పాటు ఉందా అని నేనిప్పుడు చూస్తున్నాను.

ప్యాకెట్ వెనక

షుగరున్నవాళ్లు హేజెల్‌నట్ కాఫీ అంటే తియ్యటిదని భయపడతారు. గింజకు పట్టించిన వాసనలో చక్కెర లెక్కలోకి రానంత తక్కువ. అమ్మ ప్యాకెట్ అలాంటిది, ఆమె నిశ్చింతగా తాగవచ్చు. కాఫీ బారులో పోసే సిరప్ అలా కాదు. సీసా పంపు ఒక్క నొక్కుకు దాదాపు 5 గ్రాముల చక్కెర ఉంటుంది, పెద్ద కప్పుకు నాలుగు నొక్కులు నొక్కితే ఐదు చెంచాలైంది. వేడినీళ్లు పోస్తే చాలు అనే చిన్న పొట్లాలు ఇంకో రకం. వెనక వరస చూడండి, పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి కాబట్టి చక్కెర మొదట ఉంటే ఆ పొట్లంలో కాఫీకన్నా చక్కెరే ఎక్కువ. మూడింటి మీదా రాసేది హేజెల్‌నట్ కాఫీ అనే.

మన దేశంలో కలిపిన వాసన గురించి ప్యాకెట్ మీద చెప్పాలి, అది సహజమా కృత్రిమమా అన్నది కూడా. జీడిపప్పు, వేరుశనగ లాంటివి పడనివాళ్లు ఆ వరసను వదలకుండా చదవాలి. కృత్రిమ వాసనలో గింజ ఉండకపోవచ్చు, సహజం అన్నదాంట్లో ఉండవచ్చు.

ఇంకో సంగతి, రుచి తెలిసినవాళ్లు ఫ్లేవర్డ్ కాఫీ మీద చేసే ఫిర్యాదులో న్యాయమున్నది ఇదొక్కటే. గట్టి వాసన పాత గింజను, చవక గింజను కప్పేస్తుంది. పులిసిన పిండికి అల్లం పచ్చిమిర్చి దంచి వేసినట్టు. అన్ని కంపెనీలూ అలా చేస్తాయని కాదు. కానీ వేయించిన తేదీ లేని ఫ్లేవర్డ్ ప్యాకెట్‌ను నేను కొనను. ఏ తోట గింజో, ఏ రకమో రాసి, దాని తర్వాత వాసన పేరు రాసిన ప్యాకెట్ కనిపిస్తే ధైర్యంగా తీసుకుంటాను.

అమ్మ చేసిన ప్రయోగం

ఆ వారం తర్వాత అమ్మకు ఒకటి చేయమని అడిగాను. ఒక యాలక్కాయ తొక్కతోనే చితక్కొట్టి, ఫిల్టరు పై గిన్నెలో పొడి కింద వేసి, ఎప్పట్లా నీళ్లు పోయమన్నాను. పొడి మీద వేస్తే నీళ్లలో తేలి పక్కకు పోతుంది, కింద ఉంటే దిగే డికాక్షనంతా దాన్ని తాకుతూ వెళుతుంది. ఒకటి చాలు, రెండైతే పాయసం తాగినట్టుంటుంది. శొంఠి అయితే మినపగింజంత ముక్క. లవంగం మాత్రం వద్దు, దానిలోని యూజినాల్ నాలుకను మొద్దుబరుస్తుంది, కాఫీ వెనక్కి పోతుంది.

అమ్మ చక్కెర లేకుండానే తాగింది. సగం కప్పయ్యాక, "చక్కెర వేశావా?" అని నన్ను అనుమానంగా చూసింది.

హేజెల్‌నట్ ప్యాకెట్‌ను పారేయలేదు. వాసన వదలకపోవడానికి కారణం ఫిల్టరు చిల్లుల్లో పేరుకున్న కాఫీ నూనె. పట్టించిన వాసనలు ఎక్కువగా నూనెలో కరిగేవే, అక్కడ అంటుకుని కూర్చుంటాయి. ఫ్లేవర్డ్ గింజలకు వేరే మర పెట్టుకునే కొట్లు ఉన్నది ఇందుకే. వంటసోడా వేసిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో చిల్లులు రుద్దితే మా ఫిల్టరు బాగుపడింది. అటక మీద నాయనమ్మ కాలంనాటి ఇత్తడి ఫిల్టరు ఒకటుంటే అమ్మ దాన్ని దింపించి, కళాయి పెట్టించింది. పిన్ని కూతురు వచ్చినప్పుడు హేజెల్‌నట్ అందులో, మిగతా రోజుల్లో మాది మామూలు స్టీలు ఫిల్టర్లో.